కుళ్ళాయమ్మ చెయ్యి కడిగితే

ధర్మవరంలో మా వీధిలో పెళ్ళి మాట ఎక్కడ లేచినా, జాతకాల సంగతి తర్వాత. జనం ముందు అడిగేది "కుళ్ళాయమ్మ మజ్జిగ తాగిందా?" అని. సంబంధం ఖాయం కాకముందు అవతలివాళ్ళ దగ్గర చెయ్యి కడగకూడదన్నది పాత పద్ధతి. తిన్నామంటే ఒప్పుకున్నట్టే. ఈ కాలంలో దాన్ని పట్టించుకునేవాళ్ళు తక్కువ. స్వీటు, కారా, కాఫీ అన్నీ లాగించేసి, ఇంటికొచ్చి ఫోన్లో వద్దంటారు. మా వీధి పెద్దామె కుళ్ళాయమ్మ మాత్రం మంచినీళ్ళు కూడా ముట్టదు. అందుకే ఆడపిల్ల తరఫువాళ్ళు ఆమెను పెద్దదిక్కుగా వెంటబెట్టుకుపోతారు. కారు నాది కాబట్టి నేనూ పోతాను. ఆమె తినకుండా మేం తింటే బాగుండదు. అలా వీధిలో అందరి పెళ్ళిళ్ళకూ పస్తులున్నవాణ్ణి నేనొక్కణ్ణే.

ఆమె పంతానికి కారణం ఉంది. వాళ్ళ నాయన సంబంధం చూడ్డానికి పెనుకొండ దగ్గరి పల్లె నుంచి ధర్మవరం వచ్చాడు. బస్సు దొరక్క చాలా దూరం నడిచాడు. మగ్గాలున్న ఇల్లు, మర్యాదగల మనుషులు. వచ్చీ రాగానే సంగటి ముద్ద ముందర పెట్టారు. ఆకలి మీద తినేశాడు. తిన్నాక ఇంక అడిగేదేముంది? "మా నాయన ఆకలికి నా పెండ్లి అయిపాయ" అని ఆమె నవ్వుతూనే చెబుతుంది. ఆ ఇంట్లో మగవాళ్ళూ పిల్లలూ తిని లేచాక కోడలి వంతు. చాలాసార్లు చట్టిలో మిగిలేది మాడే. మొగుడు చెడ్డవాడేం కాదు. తాగలేదు, కొట్టలేదు. తింటివా అని మాత్రం ఒక్కనాడూ అడగలేదు. ఆయన పోయి ఇన్నేళ్ళయినా ఆమెకు ఆ కోపం మాత్రం పోలేదు.

అందుకే ఏ ఇంటికి వెళ్ళినా ఆమె అడిగేది ఒకటే ప్రశ్న: "మీ ఇంట్లో ఆడోళ్ళు ఎప్పుడు తింటారు?" జవాబు నచ్చితే తానే మజ్జిగ అడిగి తాగుతుంది. చిక్కేమిటంటే ఆ ప్రశ్న ఊరూరా పాకిపోయింది. ఇప్పుడు ప్రతివాళ్ళూ "అందరం కలిసే తింటామమ్మా" అని ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెబుతున్నారు.

ఈసారి సంబంధం సొంత మనవరాలిదే. వీణ బెంగుళూరులో ఒక చీరల కంపెనీకి డిజైన్లు వేస్తుంది. అక్కడే పవన్ అనే అబ్బాయిని ఇష్టపడింది. వాళ్ళది హిందూపురం. తండ్రి లేడు. తల్లి రుక్మిణమ్మ పట్టుగూళ్ళ వ్యాపారం చేస్తుంది. అబ్బాయి బెంగుళూరులో పేరున్న మెక్సికన్ హోటల్లో వంటవాడు. "ముందు మాయమ్మ సూసి రానీ, ఆయమ్మ సరే అంటే మేం పోతాం" అని వీణ తండ్రి తేల్చేశాడు. ఆదివారం పవన్‌కు సెలవు దొరకదన్నారు. సరే, మేమే బెంగుళూరులో ఆ హోటల్‌కు బయల్దేరాం.

పెనుకొండ దాటాక హైవే పక్కన ఇడ్లీలు తిందామన్నాను.

"కడుపు నిండా తిని పోయి వద్దనేది ఏం గొప్పబ్బా? పోనీ కారు" అంది కుళ్ళాయమ్మ.

"ఆ పిల్లోడే వండి పెడతాడంట గదత్తా. తినకుంటే బాధపడడా?"

"పడనీ. నువ్వు వద్దంటే మానుకుంటానవ్వా అనింది వీణ. అంత బరువు నా మీద పెట్టినాక రుచికి లొంగేదెట్ల?"

హోటల్ బయట జనం పేర్లు రాయించుకుని నిలబడి ఉన్నారు. మాకు బల్ల ముందే పట్టిపెట్టారు. మన చేలగట్ల మీద ఉండే నాగజెముడునే కుండీల్లో పెట్టి, దానిమీద లైట్లు వేశారు. రుక్మిణమ్మ, వీణ అప్పటికే వచ్చి కూర్చున్నారు. మేం కుర్చీలు లాక్కుని కూర్చున్నామో లేదో, ఒక కుర్రాడు మొక్కజొన్న చిప్సు, ఎర్రటి పచ్చడి తెచ్చిపెట్టాడు.

"మనమేం అడగల్యా గదా" అంది కుళ్ళాయమ్మ.

"ఈడ అందరికీ ముందే పెడతారవ్వా. వీటికి బిల్లు వేయరు" అంది వీణ.

ఆమె రెండు చేతులూ ఒళ్ళోకి లాక్కుంది. "మా నాయనకూ అడక్కుండానే పెట్టిరి" అని నా చెవిలో అంది.

తర్వాత ఒక్కొక్కటీ వచ్చాయి. గుడ్డలో చుట్టిన మొక్కజొన్న రొట్టెలు, మసాలా పట్టించిన గింజలు, మెత్తగా మెదిపిన అవకాడో, అదే బటర్ ఫ్రూట్. పచ్చడిలో మేం రోట్లో నూరే ఊరిబిండిలాగే మిరపకాయలు కాల్చిన వాసన. నా ప్రాణం లేచి పళ్ళెంలోకి దూకేలా ఉంది. కుళ్ళాయమ్మ కదలదు కాబట్టి ఎవరమూ కదల్లేదు. వడ్డించే కుర్రాడు వచ్చి, బాగాలేవా, మార్చి తెమ్మంటారా అని అడిగి పోయాడు. పక్క బల్లవాళ్ళు మా నిండు పళ్ళేలకేసి చూస్తున్నారు.

కుళ్ళాయమ్మ రుక్మిణమ్మవైపు తిరిగింది. "మీ ఇంట్లో ఆడోళ్ళు ఎప్పుడు తింటారమ్మా?"

"అందరం కలిసే తింటామమ్మా" అంది రుక్మిణమ్మ.

మళ్ళీ అదే అప్పజెప్పడం. కుళ్ళాయమ్మ "ఊఁ" అంది, మజ్జిగ మాట ఎత్తలేదు. రుక్మిణమ్మ ముఖం చిన్నబోయింది. వీణ కళ్ళల్లో నీళ్ళు నిండాయి. "రొట్టె వాసన బాగుండాదే" అంది కుళ్ళాయమ్మ మనవరాలితో, ఓదార్చినట్టు. చెయ్యి మాత్రం ఒళ్ళోంచి తీయలేదు. ఇక వట్టి చేతులతో తిరిగి పోవడమేనని నాకు తేలిపోయింది. ఆ పిల్లను చూస్తే ఈ ముసలామె మీద ఎప్పుడూ రానంత కోపం వచ్చింది.

వడ్డించే కుర్రాడు లోపల చెప్పినట్టున్నాడు. పవన్ ఏప్రాన్‌తోనే బయటికి వచ్చాడు. నుదుటి మీద చెమట కూడా తుడుచుకోలేదు. అందరికీ దణ్ణం పెట్టాడు. వంటలో ఏం లోపమని అడుగుతాడనుకున్నాను. అతను వీణ ముఖం చూశాడు.

"పొద్దున్నుంచి ఏమన్నా తింటివా నువ్వు?"

వీణ తల అడ్డంగా ఊపింది.

"నీకు తలనొప్పి వస్తాది గదా. వాళ్ళు మాట్లాడుకోనీ, నువ్వు తిను" అని గుడ్డలోంచి రొట్టె తీసి ఆమె పళ్ళెంలో వేశాడు.

నిజమే. మేమంతా ముసలామె పళ్ళెం చూస్తూ కూర్చున్నామే గాని, ఆ పిల్ల ఆకలి ఒక్కరికీ తోచలేదు. అవ్వకు కూడా.

"రేయ్, పెద్దామె ఇంకా ముట్టనే లేదు, చిన్నపిల్లకు వడ్డిస్తావా?" రుక్మిణమ్మ హడలిపోయింది. పవన్ నాలుక కరుచుకున్నాడు. తప్పయిపోయిందని చేతులు జోడించాడు.

కుళ్ళాయమ్మ అతన్నే చూస్తోంది.

"నువ్వు తింటివా నాయనా?"

పవన్ తడబడ్డాడు. "రష్ తగ్గినాక తింటానవ్వా. వంట చేసేటోళ్ళు ఆఖర్నే గదా తినేది."

కుళ్ళాయమ్మ లేచి నిలబడింది. "వీణా, చెయ్యి కడిగేది యాడ?"

ఆ మాటకు నేను కుర్చీలో నిటారుగా అయిపోయాను. వీణకు వెంటనే అర్థం కాలేదు. అయ్యాక అవ్వను పట్టుకుని తీసుకుపోయింది. పోతూ పోతూ కుళ్ళాయమ్మ పవన్‌తో "నువ్వు పోవాకు, ఆడనే ఉండు" అంది.

కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. రొట్టె తుంచి, ఎర్ర పచ్చడి అద్ది, తన నోట్లో పెట్టుకోకుండా పవన్‌కు అందించింది.

"ఇంద. మన ఇంట్లో ఇంక వండినోళ్ళే ముందు తినాల."

అతను నిలబడే తిన్నాడు. రెండో ముక్క ఆమె తినింది. వీణ ఏడుస్తూనే తన రొట్టె తుంచుకుంది. నేను చిప్సు గిన్నె నా వైపు లాక్కున్నాను.