కుర్చీ అంటని గవర్నరు

గవర్నర్ క్లెమెంట్ ఆస్ట్రాండర్ కూర్చోరు. నడుము నొప్పీ కాదు, మొక్కూ కాదు, పుట్టుకతో వచ్చిన తత్వం. కాలు కాలిన పిల్లి కూడా కాసేపు ఒకచోట ఆగుతుందేమో గానీ ఆయన ఆగరు. మధ్యాహ్నం శాండ్‌విచ్ చేత్తో పట్టుకుని రాష్ట్ర ప్రభుత్వం కొలువుండే కాపిటల్ భవనం వసారాలో ఈ కొస నుంచి ఆ కొసకి తిరుగుతూ తింటారు. ఏ గుమ్మం దగ్గర ఎంత తిన్నారో నేలమీద రాలిన తునకలే చెబుతాయి. ఆయన గదిలో పెద్ద తోలు కుర్చీ ఉంది. దానిమీద ఆయన కోటు కూర్చుంటుంది.

ఈ తత్వం వల్ల అందరికంటే ఎక్కువ అవస్థ పడ్డది డెల్ఫీన్ రింగ్‌డాల్. ఒక హైస్కూల్లో ప్రిన్సిపాల్‌గా ఏళ్లకేళ్లు పనిచేసి, మోకాళ్లు అరగదీసుకుని, మిగిలిన ఉద్యోగమైనా కూర్చుని చేసుకుందామని ఆశపడి గవర్నరుకి విద్యా సలహాదారుగా చేరింది.

మొదటి రోజు బోలెడన్ని కాగితాలు చంకన పెట్టుకుని వెళ్లి, "కూర్చుని మాట్లాడుకుందామా, గవర్నర్ గారూ?" అంది.

"తప్పకుండా," అన్నారాయన తలుపు తీసి పట్టుకుని. "పదండి, నడుద్దాం."

ఆ సాయంత్రం ఆమె కొనుక్కున్న మొదటి వస్తువు మెత్తటి బూట్లు.

ఆస్ట్రాండర్ హయాంలో చదువులు ఏమయ్యాయన్న దానిమీద పత్రికలు పేజీలకు పేజీలు నింపాయి. ఒకరు దార్శనికుడన్నారు, ఒకరు దుబారా అన్నారు. అసలు లోగుట్టు మాత్రం డెల్ఫీన్ మోకాళ్లకెరుక.

ఉదాహరణకి, విశ్వవిద్యాలయాల్లో ఫీజులు పెరగకుండా ఆగిన సంగతి. అది గొప్ప విధాన నిర్ణయమని పాఠాల్లో చెబుతున్నారట. జరిగింది ఇదీ. విశ్వవిద్యాలయాలన్నిటికీ పెద్ద అయిన ఛాన్సలర్ కీస్, ఫీజులు పెంచుకోవడానికి అనుమతి కోసం వచ్చాడు. తళతళలాడే కొత్త బూట్లు, కాళ్లకి బిగుతు. గవర్నరు ఆయన్ని కాపిటల్ భవనం గుమ్మటం మెట్లెక్కించారు.

"ఎనిమిది శాతం లేనిదే గడవదండీ," అన్నాడు ఛాన్సలర్ కింది మెట్టు దగ్గర.

"అలాగా. ఈ కిటికీలోంచి నది బాగా కనిపిస్తుంది, రండి."

రెండో అంతస్తులో ఎనిమిది ఐదయింది. మూడో అంతస్తులో ఛాన్సలర్ గోడ పట్టుకుని, "రెండున్నా సర్దుకుంటాం," అన్నాడు.

"ఇంకా పైకెక్కితే కొండలు కూడా కనిపిస్తాయి."

"వద్దు," అన్నాడు ఛాన్సలర్ ఒక బూటు విప్పి చేత్తో పట్టుకుంటూ. "ఈ ఏడాదికి ఏమీ వద్దు. దిగిపోదాం."

మరుసటి ఏడాది మాత్రం ఆయన పరుగెత్తే బూట్లు వేసుకొచ్చాడు. ఫీజులు పెరిగాయి. పత్రికలవాళ్లు దానికి ఆర్థిక మాంద్యం కారణమని రాశారు.

బడులకి వెళ్లడం ఇంకో తంతు. దారిలో బడి కనిపిస్తే చాలు, గవర్నరు కారాపించి దిగిపోతారు. ఒక బడిలో చిన్నపిల్లల టీచరమ్మ ఈయన క్లాసు చుట్టూ ప్రదక్షిణాలు చేస్తుంటే కాసేపు ఓపికపట్టింది.

"గవర్నర్ గారూ, మా క్లాసులో ఒక నియమం ఉంది. కథ చదివేటప్పుడు అందరూ చాపమీద కూర్చోవాలి."

"నేనూనా?"

"మీకు వేరే చాప తెప్పించమంటారా?"

పిల్లలందరూ చూస్తున్నారు. పాపం, కూర్చున్నారు. కథలో కుందేలు ఇంకా ఇల్లు దాటకముందే ఆయన మోకాళ్లు ఎగరడం మొదలెట్టాయి. పక్కనున్న పాప ఆయన మోకాలి మీద చెయ్యి వేసి, "నాకూ మొదట్లో కష్టంగానే ఉండేది," అని ధైర్యం చెప్పింది. కుందేలు ఇల్లు దాటింది, గవర్నరు బడి దాటారు.

ఈ నడక మంత్రం పారని మనిషి ఒక్కడే. రాష్ట్ర ఎగువసభ అయిన సెనేట్‌లో ఆర్థిక సంఘం అధ్యక్షుడు రోస్కో టటిల్. పశువుల కామందు, భారీ మనిషి. కూర్చుంటే కుర్చీలోకి వేళ్లు దిగినట్టే. పసిపిల్లలకి ఉచిత బడుల బిల్లు కోసం గవర్నరు కబురుపెడితే, "నాకు చెప్పేదేమైనా ఉంటే వచ్చి కూర్చుని చెప్పమనండి. నేను ఆయన వెంట తోకలా తిరిగే రకం కాదు," అన్నాడు. గవర్నరు వెళ్లారు గానీ కూర్చోలేక టటిల్ బల్ల చుట్టూ తిరుగుతూ చెప్పారు. టటిల్ మెడ తిప్పీ తిప్పీ కళ్లు తిరిగి, "ఆయన చెప్పింది ఏమీ ఎక్కలేదు, కడుపులో మాత్రం తిప్పింది," అని వ్యతిరేకంగా ఓటేశాడు. బిల్లు ఒక్క ఓటుతో పోయింది. డెల్ఫీన్ ఆ వారమంతా గవర్నరుతో ముక్తసరిగా మాట్లాడింది.

"ఒక్క అరగంట కూర్చుని ఉంటే పసిపిల్లలకి బడులు వచ్చి ఉండేవి, గవర్నర్ గారూ."

"నాకు తెలుసు," అన్నారాయన, కిటికీకీ తలుపుకీ మధ్య పచార్లు చేస్తూ. ఆ మాట మాత్రం నవ్వుతూ అనలేదు.

మళ్లీ గవర్నరు ఎన్నికలొచ్చాయి. ప్రత్యర్థి టీవీలో ప్రకటన వేశాడు. మాటల్లేవు, పాటల్లేవు, ఒక ఖాళీ కుర్చీ. కింద, 'మన పిల్లల చదువుల కోసం ఈయన ఎప్పుడైనా కూర్చున్నారా?' అని. డెల్ఫీన్‌కి ఒళ్లు మండింది. ఫొటోగ్రాఫరుని పిలిపించి, కుర్చీలోని కోటుని లేపి, గవర్నరుని కూర్చోబెట్టింది. ఫొటోలో కుర్చీ స్పష్టంగా వచ్చింది. గవర్నరు ఉండాల్సిన చోట పొగమంచు వచ్చింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే టటిల్ ఇంకో బిల్లు తెచ్చాడు. రాష్ట్రానికి ఆ చివర బిటర్ ఫోర్క్ అని చిన్న ఊరు. అక్కడి రెండేళ్ల చదువులు చెప్పే ప్రభుత్వ కాలేజీని మూసేసి, పాఠాలన్నీ కంప్యూటర్ తెరమీద చెప్పించాలని బిల్లు. ఊరివాళ్ల మాట వినడానికి కాలేజీ జిమ్‌లోనే, పిల్లలు ఆటలాడే పెద్ద హాల్లో, సభ పెట్టారు. టటిల్, సంఘం సభ్యులు బల్ల వెనక వరసగా కూర్చున్నారు. గవర్నరు యథాప్రకారం వెనక గోడ దగ్గర అటూ ఇటూ.

నర్సింగ్ చదువుతున్న వయొలెట్ క్రూగర్ వంతు వచ్చింది. నలభై ఏళ్ల మనిషి. ముసలివాళ్ల ఆశ్రమంలో పనిచేసి, ఆ యూనిఫాంతోనే వచ్చింది. మైకు ముందు నిలబడింది. నోరు తెరిచింది. మాట రాలేదు. గొంతు సవరించుకుంది. అప్పుడూ రాలేదు. జిమ్ అంతా ఆమె ఊపిరి మైకులో వింటోంది.

"తొందరేం లేదమ్మా," అన్నాడు టటిల్. కాసేపాగి, ఆమె తరవాత ఉన్న జనాన్ని చూసి, "పోనీ తరవాతివాళ్లని పిలుద్దామా?" అన్నాడు. చెడ్డవాడేం కాదు. కానీ ఆమె మొహం ఎర్రబడిపోయింది. తరవాతివాళ్లని పిలిస్తే ఈమె మళ్లీ రాదని డెల్ఫీన్‌కి అర్థమైంది. ఇలా వెనక్కి వెళ్లి మళ్లీ చెయ్యెత్తని పిల్లల్ని ఆమె ఎంతోమందిని చూసింది.

అంతలో గవర్నరు మైకు దగ్గరికి నడిచొచ్చారు.

"అమ్మా, నేనీ కాలేజీ ఎప్పుడూ సరిగ్గా చూడలేదు. ఒకసారి చూపిస్తారా? నాకు దారి తెలీదు."

డెల్ఫీన్ తెల్లబోయింది. ఆయన ఆ కాలేజీకి ఎన్నిసార్లు వచ్చారో ఆమె మోకాళ్లే సాక్ష్యం.

వయొలెట్ తలాడించి బయటికి నడిచింది. పక్కన గవర్నరు. వెనక విలేకరులు, వాళ్ల వెనక జనం. జిమ్ ఖాళీ అయిపోయింది. ఖాళీ జిమ్‌లో కూర్చుని ఎవరి మాట వింటారు? టటిల్ కుర్చీలోంచి వేళ్లు పెరుక్కుని లేచాడు.

వసారా సగం దాటేదాకా ఆమె ఏమీ మాట్లాడలేదు. ఆయనా అడగలేదు. ఆమె మొహంకేసి చూడనూ లేదు. పక్కన నడిచారు, అంతే. ఒక మలుపు దగ్గర ఆమె నేలకేసి చూస్తూ, "ఇక్కడ తేమ ఉంటుంది, జాగ్రత్తండీ," అంది. ఇంకాస్త దూరంలో, "మా నర్సింగ్ ల్యాబు ఇటు," అంది. లోపల రోగుల మంచాల మధ్యకి తీసుకెళ్లింది. ఇక మాట ఆగలేదు. ఆశ్రమంలో ఒక రోజు ఒక పెద్దాయన తన చేతుల్లో ఎలా పోబోయాడో, ముందు వారమే ఈ గదిలో నేర్చుకున్నది ఎలా ఆయన్ని వెనక్కి తెచ్చిందో చెప్పింది.

"తెరమీద నేర్చుకోకూడదా, అమ్మా?" అన్నాడు వెనక నుంచి రొప్పుతూ టటిల్.

ఆమె వెనక్కి తిరిగింది. ఆయన మణికట్టు పట్టుకుంది. గడియారం చూస్తూ లెక్కపెట్టింది.

"తెరకి నాడి ఉండదండీ. మీది పరుగెత్తుతోంది. ఆ మంచంమీద కూర్చోండి."

టటిల్ బుద్ధిగా కూర్చున్నాడు. ఆమె గవర్నరు మణికట్టు కూడా పట్టుకుంది. "మీరు కూడా."

"నేనా? నాకేం..."

"కూర్చోండి."

విలేకరులు ఫొటో తీశారు. ప్రచారానికి పనికొచ్చే ఫొటో అదొక్కటే. మంచంమీద గవర్నరు, సెనేటరు పక్కపక్కన, ఆమె చూపించమంటే నాలుకలు బయటపెట్టి.

ఆ సాయంత్రం కాలేజీ ముందు కారు చుట్టూ గవర్నరు తిరుగుతుంటే డెల్ఫీన్ బానెట్‌కి ఆనుకుని నిలబడింది.

"దారి తెలీదని అబద్ధమెందుకు ఆడారు?"

"బల్లకి అటో మనిషి, ఇటో మనిషి కూర్చుంటే అది విచారణైపోతుంది, ప్రిన్సిపాల్ గారూ. సగంమందికి నోరు పడిపోతుంది. పక్కన నడుస్తుంటే మొహం చూడక్కర్లేదు కదా. మాట దానంతటదే వస్తుంది."

"అంటే ఇన్నాళ్లూ ఈ తిరుగుడంతా అందుకేనా?"

"అబ్బే, లేదు. కూర్చోలేకపోవడం నిజమైన జబ్బే. ఎలాగూ ఉంది గదా, ఎవరికైనా పనికొస్తుందేమోనని చూశాను. ఛాన్సలర్‌కి మాత్రం కావాలనే చేశాను."

డెల్ఫీన్ నవ్వుని ఆపుకోలేకపోయింది. పసిపిల్లల బడుల బిల్లు పోయినప్పటి కోపం కాస్త అప్పుడు కరిగింది. అంతా కరగలేదు.

టటిల్ బిల్లు వెనక్కి తీసుకున్నాడు. కాలేజీ నిలబడింది. గవర్నరు మాత్రం ఆ ఎన్నికల్లో కొద్దిలో ఓడిపోయారు. టీచర్ల జీతాలు పెరిగినా పొరుగు రాష్ట్రాలకంటే తక్కువేనన్న ప్రత్యర్థి మాట నిజం, ఆయనా కాదనలేదు. దిగిపోయిన గవర్నర్ల బొమ్మలు కాపిటల్ గోడలకి తగిలించడం మా రాష్ట్రంలో ఆనవాయితీ. అందరూ కుర్చీల్లో కూర్చుని, చేతిలో పుస్తకంతో ఉంటారు. చిత్రకారిణి ఈయన్ని కూర్చోబెట్టలేక విసిగిపోయి, వసారాలో నడిచిపోతుండగా వెనకనుంచి వేసింది. మొహం లేదు, వీపే. పక్కన ఇంకో మనిషి నీడలా నడుస్తుంటారు, ఎవరో పోల్చడం కష్టం.

బొమ్మ ఆవిష్కరించిన రోజు డెల్ఫీన్ దాన్ని చూడగానే పోల్చుకుంది. ఆ నడకలో కుంటు తనదే. ఎవరితోనూ అనలేదు. ఛాన్సలర్ కీస్ వచ్చి, బూట్లని బట్టి అది తనేనన్నాడు. వయొలెట్ తన కొడుకుని తీసుకొచ్చి, "అది అమ్మ," అని చూపించింది.

ఆఖర్న టటిల్ వచ్చాడు. చాలాసేపు బొమ్మ ముందు నిలబడ్డాడు. చుట్టూ చూసి, డెల్ఫీన్ చెవి దగ్గరికి వంగాడు.

"ఆ భుజం నాదమ్మా. ఎవరికీ చెప్పకు."