క్రేటు కుమ్మరించిన లెక్కల సారు

మా అమ్మాయికి ఉద్యోగం వచ్చిందండీ, ముంబైలో, ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో! ఈ మాట అందరికన్నా ముందు వినాల్సిన మా లెక్కల సారు, కబురు రావడానికి నాలుగు రోజుల ముందే కుప్పంలో కన్నుమూశారు. నేను పదో తరగతి తప్పినవాణ్ణి. అయినా ఆయన గురించి నాలుగు ముక్కలు రాయకుండా ఉండలేకపోతున్నాను.

సారు మదనపల్లెలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పేవారు, మా అమ్మాయికీ ఆయనే చెప్పారు. రిటైరయ్యాక కూడా చొక్కా జేబులో సుద్దముక్క ఉండేది. ఆదివారం పొద్దున్నే గుడ్డసంచితో టమాటా మండీకి వచ్చి, ఏ పండూ చేత్తో తాకి చూడనిదే కొనేవారు కాదు.

అమ్మాయి ఇంటర్ అయిన ఏడాది, కంప్యూటర్ ఇంజనీరింగుకు బి.కొత్తకోట బామ్మర్ది సీటు మాట్లాడి పెట్టాడు. అమ్మాయేమో ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్ అంది. ఎవరు నేర్పారో నాకు తెలుసు. ఆ ఆదివారం పుంగనూరు నుంచి మా టమాటా పంటతో పాటు అమ్మాయినీ మండీకి తీసుకెళ్లాను, సారుతోనే తేల్చుకుందామని.

సారు నా మాట వినకుండా నా క్రేటు ఎత్తి గోనెపట్టా మీద కుమ్మరించేశారు. మా వైపు అందరూ చేసేదే నేనూ చేశాను. పైన పెద్ద పండ్లు, కింద గోలీకాయలంత పండ్లు. చుట్టూ ఒకటే నవ్వులు.

“ఏంది సార్ ఇది! వేలంపాట మొదలయ్యే టైముకు యాల కుమ్మరిస్తిరి?”

“ఉండప్పా. అమ్మా, నువ్వు చెప్పు, ఈ క్రేటు ఎంత చేస్తాది?”

అమ్మాయి గొంతుక్కూర్చుని పండ్లను మూడు కుప్పలు చేసి ఒక ధర చెప్పింది. కాసేపటికి వేలంలో దాదాపు అదే పలికింది.

“సూడప్పా, కంపెనీలు కూడా నీ మాదిరే పైన మంచి పండ్లు పేర్చుకోని వస్తాయి. అడుగుదాకా చూసి ఇంత చేస్తాదని చెప్పేదే నీ బిడ్డ కోరుకునే బ్యాంకు ఉద్యోగం. దానికి లెక్కలు, ఎకనామిక్సు, అకౌంట్లు కావాల. నీ బిడ్డకు చూపు ఉండాది. కంప్యూటర్ దాంతోపాటే నేర్చుకుంటాది.”

“సదివినాక ఉద్యోగం రాకపోతే?”

“రాకపోనూ వచ్చు. ఆ చిన్న పండు నేను అడుగున దాచిపెట్టడంల్యా.”

ఆ మాటకే ఒప్పుకున్నాను. కానీ మండీలో తల తీసేసినట్టయింది కదా, ఆ తర్వాత సారుతో మాట్లాడలేదు. ఆయన కుప్పం వెళ్లిపోయినా ప్రతి ఆదివారం అమ్మాయికి ఫోన్ చేసేవారు. మూడు కంపెనీలు వద్దన్నప్పుడు అది ఏడిస్తే, “నాలుగో క్రేటు తిరగెయ్యమ్మా” అన్నారట. చివర్లో, “నాయనకు కోపం తగ్గిందా?” అని అడిగేవారట.

తగ్గి చాలా కాలమైంది. వెళ్లి ఒక మాట చెప్పాలనుకుంటూనే నారు, కోత, వాన అని వాయిదా వేశాను. చివరికి ఆయన పోయిన రోజు వెళ్లాను. “మీ పాప ఉద్యోగం సంగతి రోజూ అడగతా ఉండె అప్పా” అంది సారు భార్య.

ఇప్పుడు చెప్పాల్సినవాళ్లు చాలామంది ఉన్నారు. చౌడేపల్లె మేనత్తకు గట్టిగా అరిచి చెప్పాలి. వి.కోట చిన్నాయనకు చెప్పాలి. సీటు పోగొట్టానని అలిగిన బామ్మర్దికి ఎదురుగా వెళ్లి చెప్పాలి. అందరికన్నా ముందు కుప్పంలో సారు ఇంటికి. చుట్టం కాకపోయినా జాబితాలో ఆ అమ్మ పేరే పైన రాసుకున్నాను. ఆమె కోసం పొద్దున ఒక క్రేటు సర్దాను. ఈసారి పెద్ద పండ్లు అడుగున పెట్టాను.