అరవై ఒక్క చీరల పిన్ని

ఇరవై రెండేళ్ల వయసులో నాకున్న జబ్బుకు పేరు లేదు గానీ లక్షణాలు మాత్రం బాగా గుర్తున్నాయి. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటైనా వెళ్లిపోవాలనిపించేది. ఖరగ్‌పూర్‌లో పుట్టినవాళ్లకు ఈ జబ్బు మరీ ప్రమాదం. పొద్దున్నే ఎటెటో వెళ్లే రైళ్ల కూతలు వినపడుతుంటాయి, మనం మాత్రం ట్రాఫిక్ అనే రైల్వే కాలనీ క్వార్టర్లో పళ్లు తోముకుంటూ ఉంటాం. డిగ్రీ తర్వాత ఆన్‌లైన్లో డిజిటల్ మార్కెటింగ్ కోర్సు పూర్తిచేసి, ఇక లోకం నన్ను పిలవడమే తరువాయి అని ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగేదాన్ని. చివరికి పిలిచింది బజారులోని చీరల కొట్టు. మూడు నెలల్లో వ్యాపారం పెంచి చూపిస్తే కలకత్తాలో తెరవబోయే షోరూముకు పంపిస్తానన్నాడు యజమాని దాదా. పెంచకపోతే ఏమవుతుందో కూడా చెప్పాడు, రసగుల్లా చేతిలో పెట్టి మరీ.

కొట్టులో బిల్లు కొట్టే ముందు ఫోన్ నంబరు అడిగేవారు. ఆ నంబర్లన్నీ కంప్యూటర్లో ఊరికే పడి ఉన్నాయి. నేను వాటి మీద పడ్డాను. ఎవరు తరచూ వస్తారు, ఎవరు మానేశారు, దుర్గాపూజలకు ముందు ఎవరు ఏ రకం కొంటారు అని గుంపులుగా విడగొట్టి రంగురంగుల గ్రాఫులు గీశాను. మానేసినవాళ్లకు ‘మిమ్మల్ని చూసి చాలా రోజులైంది’ అని మెసేజీలు పంపాను. (అవి అందుకున్న ఇద్దరు మగవాళ్ల భార్యలు కొట్టుకు వచ్చి, ఆయన్ని చూడాలనుకుంటున్నది ఎవరని నిలదీసి వెళ్లారు. కొట్టుకు వచ్చారు కాబట్టి దాన్ని కూడా విజయం కిందే రాసుకున్నాను.) ఇంకో పది రోజుల్లో గడువు అయిపోతుందనగా ఒక నంబరు దొరికింది. ఏడాదిలో అరవై ఒక్క చీరలు! ఎవరా అని చూస్తే, మా వీధి చివరి పిన్ని. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన బాబాయి భార్య. ఆవిడ ఒంటి మీద రెండు నూలు చీరలే మార్చి మార్చి చూశాను నేను. కానీ అది కళ్లకంటే కంప్యూటర్ని ఎక్కువ నమ్మే వయసు.

ఆదివారం పొద్దున మా వీధిలోనే ‘గోల్డ్ కస్టమర్’ సన్మానం పెడదామన్నాను. దాదా ‘ఠీక్ హై’ అన్నాడు. షామియానా, మైకు, ఫోటోగ్రాఫరు, ఒక పట్టుచీర బహుమతి. ఏం జరగబోతోందో ముందు ఎవరికీ చెప్పలేదు. కాలనీవాళ్లంతా మొగుళ్లతో, పిల్లలతో వచ్చి కూర్చున్నారు. పిన్నిని, బాబాయిని వేదికెక్కించి, నేను మైకు పట్టుకుని ఆవిడ కొన్న చీరల జాబితా మొదలుపెట్టాను. “ఏప్రిల్లో నెమలికంఠం రంగు పట్టుచీర...” అనేసరికి ముందు వరుసలో మా అమ్మ మొహం పాలిపోయింది. అమ్మ ఒంటి మీద ఉన్నది అదే చీర. (మా పెద్దమ్మ పెట్టిందని నాన్నకు చెప్పిన చీర.) నాలుక మాత్రం ఆగలేదు. “మే నెలలో ఎర్ర జరీ అంచు తెల్ల చీర...”

“ఓలమ్మా! మాయావిడికీ అలాటిదే ఉన్నాదే!” అన్నాడు వెనక నుంచి డ్రైవర్ మామయ్య. ఒక్కొక్క మొగుడూ తన పెళ్లాం వైపు తిరగడం మొదలుపెట్టాడు. మా నాన్న కూడా తిరిగాడు.

పిన్ని లేచి నా చేతిలో మైకు లాక్కుంది. “అవును, అన్నీ నానే కొన్నాను. ఈళ్లు కట్టుకుంటామంటే ఒకటో రెండో ఇచ్చినాను. ఏటయిపోనాదిప్పుడు?”

అందరూ బాబాయి వైపు చూశారు. ఆయన పిన్నిని ఒక క్షణం తేరిపార చూసి, గొంతు సవరించుకుని, “దానికి సీరలంటే పిచ్చి. నానే కొనుక్కోమన్నాను” అన్నాడు. దాదా చప్పట్లు కొట్టాడు. కెమెరా వెలిగింది.

ఇంటికి రాగానే అమ్మ నా చెవి మెలేసింది. “నీకు సదువెక్కువైపోనాదే గుంటా!” అసలు సంగతి అప్పుడు తెలిసింది. ఒకప్పుడు మా వీధి మొత్తానికి పిన్ని దగ్గరే సెల్‌ఫోను ఉండేది. మా అందరి సొంత జిల్లా శ్రీకాకుళం నుంచి ఎవరికి కబురొచ్చినా అక్కడికే. అందరూ ఆ నంబరునే తమ నంబరుగా రాసిచ్చేవాళ్లు. తర్వాత చేతికో ఫోను వచ్చినా, మొగుళ్లకు తెలియకుండా కొనే చీరలకు మాత్రం ఆ అలవాటు మిగిలిపోయింది. బిల్లు మెసేజి తమ ఫోనుకొస్తే మొగుడు చూస్తాడు. పిన్ని ఫోనుకొస్తే ఎవరూ చూడరు. అరవై ఒక్క చీరల్లో ఆవిడది ఒక్కటీ లేదు.

సన్మానం ఫోటో ఊరంతా తిరిగి, కొట్టు కిటకిటలాడి, నా ఉద్యోగం ఖాయమైంది. అటు బాబాయిని టీకొట్టు దగ్గర ‘అరవై ఒక్క చీరల జమీందారు’ అంటున్నారని తెలిసింది. నాకు అన్నం సహించలేదు. నాలుగు రోజులు వాళ్ల వాకిలి ముందు అటూ ఇటూ తిరిగి, అయిదో రోజు లోపలికి వెళ్లి, “తప్పంతా నాది పిన్నీ, బాబాయికి నిజం చెప్పేస్తాను” అని ఏడ్చేశాను.

“ఓసి పిచ్చిదానా! నా ట్రంకుపెట్టిలో ఎన్ని సీరలున్నాయో ఆయనకు తెల్దేటి? ఆ నిమిషంలోనే తెలిసిపోనాది.”

“మరి ఏమీ అన్లేదా?”

“అన్నాడు. ‘ఈదిలో ఆడోళ్లంతా నిన్ను నమ్ముకున్నారు, ఇప్పుడు నాను అడ్డం తిరిగితే ఏటి బాగుంటాది’ అన్నాడు. ఆ పట్టుసీర కట్టుకోమన్నాడు కూడాను.” ఆవిడ కొంగుతో నా మొహం తుడిచింది. “ఇంక నా నంబరు పనికిరాదులే. ఊరందరి కళ్లూ దాని మీదే ఉన్నాయి.”

మరుసటి నెల దాదా నన్ను కంప్యూటర్ దగ్గరికి పిలిచాడు. కొత్త గోల్డ్ కస్టమర్ దొరికిందట, నాలుగు వారాల్లోనే తొమ్మిది చీరలు. తెర మీద ఉన్నది నా నంబరు. (కొట్టు మెసేజీలు రోజూ వస్తుంటే తెరిచి చూడడం ఎప్పుడో మానేశాను.) నా నంబరు ఇమ్మని వీధి ఆడవాళ్లకు ఎవరు చెప్పి ఉంటారో అడగక్కర్లేదు. “టెక్నికల్ ప్రాబ్లం, దాదా” అన్నాను, మెరిట్‌లో పాసయిన అమ్మాయి మొహం పెట్టి.

కలకత్తా వచ్చి ఏళ్లయింది. ఇప్పటికీ పెద్ద మీటింగుల మధ్యలో ఫోను మోగుతుంది: ‘ప్రియమైన కస్టమర్, మీ కొత్త చీరకు ధన్యవాదాలు.’ ఆ వాక్యం నేను రాసిందే. ట్రాఫిక్ కాలనీలో ఎవరో కొత్త చీర కట్టుకుంటున్నారన్నమాట. ఆ వీధిని వదిలిపోవాలని అంత తొందరపడిన పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం గర్వంగానూ ఉంటుంది. ఎవరిదో అడగను. మెసేజి చెరిపేసి, ఫోను బల్ల మీద బోర్లా పెట్టేస్తాను.