టీచరమ్మ గీసిన గోడ

మా పై అంతస్తులో ఉండే డ్రాయింగ్ టీచరమ్మ మొన్న మధ్యాహ్నం దవాఖానలో కన్నుమూశారు. ఫోన్ రాగానే నాకు ఏడుపు రాలేదు. మెట్ల మీదే కూర్చుండిపోయాను. గోడ పనులతో కొంతకాలంగా మా బిల్డింగులో అందరం అలసిపోయి ఉన్నాం. అందరికన్నా ఎక్కువ అలసిపోయింది ఆమె.

అబిడ్స్‌లో మాది పాత బిల్డింగు. ముందు గోడ పెచ్చులూడి రోడ్డు మీద పడుతుంటే, బిల్డింగే కూల్చేసి కొత్తది కట్టిద్దామన్నారు చాలామంది. ఆమె ఒప్పుకోలేదు. గోడ బాగుచేయించి, దాని మీద రంగుల సోలార్ పలకలు బిగిద్దామన్నారు.

"గోడ దక్కుతది, కరెంటూ వస్తది. కూలగొడితే కిరాయికున్నోళ్లు యాడికి పోతరు?"

ప్రతి మీటింగులో ఇదే మాట, గొంతు పెంచకుండా. మోకాళ్ల నొప్పితోనే ఇంటింటికీ ఎక్కి దిగారు. తలుపు తీయనివాళ్ల గుమ్మం ముందు కూర్చుని ఎదురుచూసేవారు.

చివరికి అందరూ సరేనన్నాక, కంపెనీ మనిషి నీలం పలకల మీద నెమళ్లున్న నమూనా తెచ్చాడు.

"ఇదేంది బాబూ, పెండ్లి మండపమా?" అన్నారామె. పాత గోడ ఇటుకరంగులోనే, మా వరండాకున్న జాలీ అల్లిక డిజైనునే కాగితం మీద గీసిచ్చారు.

"ఈ రంగుకు కరెంటు తగ్గుతదమ్మా."

"జర తగ్గితే తగ్గనియ్. పొద్దుగాల లేస్తే చూసేది మేమే గదా."

పనివాళ్లు కొలతలు తీశాక తెలిసింది, ఆమె గది పడమటి కిటికీ మూస్తే తప్ప పలకల చట్రం నిలవదని. ఆ వెలుతురులోనే ఆమె రోజూ బొమ్మలు వేసుకునేవారు. నేను వద్దన్నాను.

"ఇంత దూరమొచ్చి నా కిటికీ కాడ ఆపుతమా? మూసెయ్యనియ్ బిడ్డా."

పలకలు బిగించాక ఆమె గదిలో పగలే లైటు వెలిగేది. బొమ్మలు తగ్గిపోయాయి. ఒకసారి అడిగితే, "కండ్లు అలసిపోయినయ్," అన్నారు.

ఆమె పోయిన మర్నాడు పాడెను బయటికి తెచ్చేసరికి, ఎవరో కొత్త జంట ఆ గోడ ముందు నిలబడి ఫొటో దిగుతున్నారు. మమ్మల్ని చూసి ఫోన్ దించి పక్కకు జరిగారు. మేం నాంపల్లి వైపు మలుపు తిరుగుతూ వెనక్కి చూస్తే, ఆ అమ్మాయి ఇంకా అక్కడే ఉంది. ఒక పలక మీద అరచేయి ఆనించి, మెల్లగా జాలీ గీతల వెంట వేలు నడుపుతోంది.