సామ్యేలు సీటు పైకి లేపడు

ఖాజాగూడ చౌరస్తాలో సామ్యేలు సైకిలు షాపుకు వెళ్లి సీటు కాస్త ఎత్తమని అడగడమూ గోడకు చెప్పుకోవడమూ ఒకటే. కొత్త సైకిలు కొన్నాక నేను మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ పానా అందుకున్నాడు, బోల్టు వదులు చేశాడు, సీటు పైపును అరంగుళం పైకి లాగాడు, మళ్లీ కిందికి దించి బిగించేశాడు.

"జర అలవాటైతది సారూ" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. మాదాపూరు కరెంటు ఆఫీసు దాకా ఎగువ తొక్కేది నేను, మోకాళ్లు గడ్డానికి తగిలేది నాకు, అలవాటు పడాల్సిందీ నేనేనట!

"కాకినాడలో ఇరవయ్యేళ్లు తొక్కానండీ. సీటంటే ఏమిటో నాకూ తెలుసు!" అని నలుగురిలో అరిచాను. అతను తల వంచుకుని ఇంకో సైకిలు ట్యూబు నీళ్లలో ముంచాడు.

ఇది తొంభై ఎనిమిది నాటి మాట. మాదాపూరులో పెద్ద గుండ్రటి బిల్డింగు లేస్తోంది. పొద్దస్తమానం బండలు పేలుస్తుంటే మా ఇంట్లో గిన్నెలు అదిరేవి. కంకర లారీలు రోడ్డంతా తమదే అన్నట్టు పోయేవి. కిరాయి తక్కువని ఖాజాగూడలో దిగిన నేను రోజూ ఆ దుమ్ములోనే తొక్కేవాణ్ణి. కోపమొచ్చినా ఇంకో షాపుకు పోలేదెందుకంటే, అంతకుముందు సామ్యేలు పనితనం నాకు తెలుసు.

అతను సీటు పెట్టాడంటే ఇక తిరుగులేదు. మనిషిని సైకిలెక్కించి, గోడ పట్టుకోమని, మడమను పెడలు మీద పెట్టించేవాడు. పెడలు అడుగుకు వచ్చినప్పుడు కాలు నిటారుగా సాగాలి. అలా ఉంటే, మునికాలితో తొక్కేటప్పుడు మోకాలు కొంచెం వంగి హాయిగా ఉంటుంది. తర్వాత మోచేతిని సీటు ముక్కుకు ఆనించి, వేళ్లు హ్యాండిల్‌కు తగిలేదాకా సీటును ముందుకో వెనక్కో జరిపేవాడు. "ముక్కు పైకుంటే నడుము గుంజుతది, కిందికుంటే చేతులు గుంజుతయి. సీటు మీద చాయ్ గిలాస పెడితే ఒరగొద్దు" అనేవాడు. లింగంపల్లి నుంచి కూడా పనిగట్టుకుని వచ్చేవాళ్లు.

ఆడవాళ్ల దగ్గర మాత్రం ఈ పద్ధతి నడవదు. ఎదురుగా చాయ్ హోటల్లో పదిమంది మగవాళ్లు గుడ్లప్పగించి చూస్తుంటే, ఆడపిల్లను సైకిలెక్కి కాలు చాపమని ఎలా అంటాడు? అందుకని వాళ్లకు చేతి కొలత. సైకిలు పక్కన నిలబడి, సీటును చంక కిందికి వచ్చేలా చూసుకుని చెయ్యి చాపితే, వేలి చివర పెడళ్లు తిరిగే నడిమి ఇరుసుకు అందాలి. చెయ్యీ కాలూ సాధారణంగా ఒక లెక్కలోనే ఉంటాయి గనక ఆ కొలత ఎప్పుడూ తప్పలేదు. సెలీనా దగ్గర తప్పింది.

సెలీనా నర్సు. సామ్యేలు వెళ్లే చర్చికే వాళ్లింటివాళ్లూ వెళ్లేవారు. కొత్తగా సైకిలు నేర్చుకుని దవాఖానకు దాని మీదే పోతోంది. మోకాళ్లు నొస్తున్నాయంటే, ఆ ఏడాది జనవరిలో సామ్యేలు చేతి కొలత చూసి సీటు లేపాడు. ఆ పిల్లకు చేతులు పొడుగు. అది అతనికి తట్టలేదు. ఎక్కి చూడమని అతను అనలేదు, ఎక్కి చూస్తానని ఆమె అడగలేదు. పన్నెండో రోజు పొద్దున ఊరి మలుపులో లారీ ఎదురైతే ఆగబోయింది. కాలు నేలకు అందలేదు. ఆమె లారీ వైపు ఒరిగింది.

సెలీనా చనిపోయిన సంగతి నాకు అప్పుడే తెలుసు. సీటు సంగతి మాత్రం అక్టోబరులో, నేను అరిచిన మర్నాడు సామ్యేలే చెప్పాడు. ఆదివారం చర్చి నుంచి నేరుగా మా ఇంటికొచ్చి, కుర్చీ వేసినా కూర్చోకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"అందరు లారీవోన్ని తిట్టిండ్రు సారూ. పోలీసులు గూడ గదే రాసిండ్రు. గని నేను ఆ పిల్ల చెప్పులు చూసిన. ఆ పిల్లను మట్టి చేసినంక వాళ్లింటికాడ మూలకు పెట్టిండ్రు. కొత్త చెప్పులు. ఎడమ కాలుది మడమ కాడ మంచిగనే ఉన్నది, ముందర మాత్రం మొత్తం అరిగిపోయింది. పన్నెండు దినాలు కాలు కొసతోని నేల ఎతుక్కున్నది సారూ."

అతను ఇంకా చెప్పుకొచ్చాడు. షాపు ముందు ఎవరు సైకిలు ఆపినా అతను మొహం చూడడట, పాదాలే చూస్తాడట. ఎవరూ లేనప్పుడు కూడా కంకర మీద చెప్పు గీసుకున్న చప్పుడు వినపడుతుందట. లేచి బయటికొస్తే రోడ్డు ఖాళీ.

"సీటు పైకి గుంజుతుంటే, నా చేతి కింద ఎవరిదో కాలు కొట్టుకుంటున్నట్టు ఉంటది. ఇగ నాతోని కాదు."

"వాళ్లింట్లో చెప్పెయ్యండి. కడుపులో పెట్టుకుంటే మిమ్మల్నే తినేస్తుందండీ" అన్నాను.

"ప్రతి ఆదివారం వాళ్లమ్మ నాకు వందనాలు చెప్తది. నా కోసం ప్రార్థన చేస్తున్న అంటది. ఏ నోటితోని చెప్పాలె?"

నా మోకాళ్ల గోల తలచుకుంటే నాకే సిగ్గేసింది. ఆ మర్నాటి నుంచి కప్పలా తొక్కుకుంటూ పోయాను గానీ సీటు మాట ఎత్తలేదు. దయ్యాలను నమ్మేవాణ్ణి కాదు. అయినా ఆ చౌరస్తాలో బ్రేకు వేసినప్పుడల్లా నా చెప్పుల చప్పుడు నాకే ఎలాగో ఉండేది.

డిసెంబరు మొదట్లో ఒక సాయంత్రం నేను గాలి కొట్టించుకుంటుంటే, సెలీనా చెల్లెలు మెర్సీ సైకిలు నడిపించుకుంటూ వచ్చింది. ముందు చక్రం ఒక్కటే కొత్తది. మిగతా సైకిలంతా సెలీనాదే. సీటు కూడా సామ్యేలు పెట్టిన చోటే ఉంది.

"అన్నా, కొత్త బిల్డింగుల నౌకరి దొరికింది. కంప్యూటర్ పని. రేపటిసంది పోవాలె, సీటు జర సరిజేసియ్యి" అంది.

సామ్యేలు పానా తీసుకుని, సీటు పైపును అడుగంటా దించేశాడు.

"గంత కిందికా? మోకాళ్లు నొస్తయన్నా. అక్కకు గట్లనే నొచ్చినయి."

చెప్పెయ్యి, చెప్పెయ్యి అని నేను లోపల గింజుకుంటున్నాను.

"బిడ్డా, సీటు ఎక్కువ లేపింది నేనే" అన్నాడు చివరికి. "నా కొలత తప్పింది. కాలు అందకనే మీ అక్క పడ్డది. నా వల్లనే పోయింది."

మెర్సీ ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. రెండూ చెయ్యలేదు.

"కాలు అందుతలేదని అక్క మూడో దినమే చెప్పిందన్నా" అంది మెల్లగా. "షాపుకాడ ఎక్కి చూపియ్యాలె, అందరు చూస్తరు, నువ్వు తోడు రావే అన్నది. నేను టీవీ చూస్తున్న. రేపు పోదాం అన్న. మల్లా అడుగలే. ఈ మాట నేను అమ్మకు గూడ చెప్పలే."

సామ్యేలు పానా కింద పెట్టాడు. చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. తుడిచిన చేతుల్నే మళ్లీ తుడుచుకున్నాడు.

"ఎక్కు" అన్నాడు.

ఆమె చాయ్ హోటలు వైపు చూసింది. నిండుగా ఉంది.

"చూస్తే చూడనియ్యి బిడ్డా, ఎక్కు."

నేను హోటలు వైపు తిరిగి, "ఏమిటండీ ఆ చూపులు? మీ టీ మీరు తాగండి!" అని కసిరాను. ఒక్కడు కూడా చూపు తిప్పుకోలేదు. మెర్సీ చున్నీ నడుముకు బిగించి కట్టుకుని ఎక్కింది.

సామ్యేలు మోకాళ్ల మీద కూర్చుని ఆమె మడమను పెడలు మీద పెట్టించాడు. దిగమన్నాడు, పైపును కొంచెం లేపాడు, ఎక్కమన్నాడు. మళ్లీ దిగమన్నాడు. పది నెలల్లో అతను సీటు పైకి లేపడం నేను చూడటం అదే మొదలు. కాలు సాగాక ఇంకో కొలత చూశాడు, ముందెప్పుడూ చూడనిది. సీటు మీద కూర్చునే కాలు నేలకు దించమన్నాడు. మునివేళ్లు నేలకు ఆనాయి. వేలెడు తగ్గించి మళ్లీ దించమన్నాడు. ఈసారి సగం పాదం ఆనింది. కుడి కాలు, ఎడమ కాలు, బ్రేకు పట్టి ఒకసారి, పట్టకుండా ఒకసారి. బోల్టు బిగించాడు, సీటును రెండు చేతులా పట్టి ఊపి చూశాడు.

"అందుతుందన్నా. మంచిగ అందుతుంది" అంది మెర్సీ. అప్పుడు ఏడ్చింది.

సామ్యేలు సీటు వెనక పట్టుకుని మలుపుదాకా నడిచాడు. వాళ్ల వెనక నేనూ నడిచాను. మలుపులో లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది. మెర్సీ ఆగింది. రెండు కాళ్లూ నేల మీద ఆన్చి నిలబడింది.

"ఇగ ఇడువన్నా, పోత" అంది. రోడ్డు ఖాళీ అయ్యాక మళ్లీ అంది.

సామ్యేలు విడవలేదు. చివరికి నేనే అతని వేళ్లు ఒక్కొక్కటిగా సీటు మీంచి విడదీయాల్సి వచ్చింది.