సాయిలు తాత మద్రాసు ప్రయాణం

ఈ పొద్దున ప్రార్థనలో ఉండగా పక్కింటివాళ్ళు స్కూటరు విప్పినట్టున్నారు, కాలిన ఇంజనాయిలు వాసన కిటికీలోంచి వచ్చింది. కళ్ళు తెరిచేశాను. సాయిలు తాత గుర్తొచ్చాడు.

ఆయన ప్రయాణం కబురు మా ఇంటికి మొదట తెచ్చింది పాలు పోసే ఎల్లమ్మ. డెబ్బైల చివరి మాట. హనుమకొండలో సుబేదారి పేటలో ఉండేవాళ్ళం. "అక్కా, ఇన్నవా? మీ ఎనకింటి సాయిలు ఆ పాత కారేసుకొని మద్రాసు పోతాండట. కారు ముందు కూలవడ్తదో, ముసలోడు ముందు కూలవడ్తడో సూడాలె!" అని అమ్మతో అంటూ పకపకా నవ్వింది.

చిన్నప్పటి జ్వరంతో నా కాళ్ళు సన్నబడ్డాయి. నాన్నే ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పాడు. పదిహేడేళ్ళు వచ్చేసరికి నాకు తెలిసిన లోకమల్లా బైబిలు, అట్లాసు, వెనక గోడ అవతల తాత షెడ్డు. భార్య పోయాక ఆయనను పలకరించేవాళ్ళు లేరు. నా దగ్గరికీ ఎవరూ వచ్చేవారు కాదు. అలా గోడ దగ్గర మాటలు కలిశాయి.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి ఆ కారును తాత ఒక దొర దగ్గర నడిపేవాడు; చివరికి అది ఆయనకే మిగిలింది. కుర్రతనంలో ఒకసారి హనుమకొండ నుంచి మద్రాసుకు రెండు రోజుల్లో చేర్చాడట. అంత వేగంగా ఎవరూ పోలేదని పట్నంలోని మోటారు క్లబ్బువాళ్ళు తమ క్లబ్బు గోడమీద పేరు రాశారు. దొర పేరు. "ఆయన ఎనక సీట్ల పండుకున్నడు బిడ్డా," అన్నాడు తాత, కోపమేమీ లేకుండా. ఇప్పుడు పొద్దు పొడిచాక బయలుదేరి పొద్దుగూకేలోపు చేరాలి, ఈసారి తన పేరు పడాలి. ఏ ఊరు ఏ వేళకు దాటాడో రుజువు తెమ్మన్నారు క్లబ్బువాళ్ళు.

ఉపాయం నేనే చెప్పాను. ఊరూరా నా పేరన ఒక కార్డు పోస్టు డబ్బాలో వేస్తే చాలు, ముద్రలో తేదీ, వేళ ఉంటాయి కదా! "సదువుకున్నదానివి, నీకు ఎరుక," అని మురిసిపోయాడు. రెండు నెలలు అట్లాసు ముందేసుకుని ఎక్కడ ఎంతసేపు పడుతుందో రాసుకున్నాం. ఖమ్మం, బెజవాడ, ఒంగోలు, నెల్లూరు, మద్రాసు. ఐదు కార్డుల మీదా చిరునామా నా చేతిరాతే.

ఆయన వెళ్ళిన రోజంతా ప్రార్థిస్తూనే ఉన్నాను. మూడోనాటి నుంచి కార్డులు వచ్చాయి. తాత వంకర అక్షరాల్లో ప్రతిదాని మీదా వేళ వేశాడు. మద్రాసు కార్డు మీద 'ఇంక పొద్దు ఉన్నది' అని రాశాడు. ముద్రలు మాత్రం వేరే మాట చెప్పాయి. పొద్దున్నే దాటిన ఖమ్మానికి మధ్యాహ్నం ముద్ర. మద్రాసుకు మరునాటిది. డబ్బాలో పడగానే ముద్ర పడుతుందనుకున్నాను నేను. ఉత్తరాలు అందుకోవడమే గాని ఒక్కటీ పోస్టు చేసి ఎరగను. క్లబ్బువాళ్ళు మర్యాదగానే కాదన్నారు.

గోడ పట్టుకుని ఏడ్చాను. "ఏడుస్తవేందే? నాకు ఉత్తరం రాయనీకి ఎవలున్నరు? నాకు సుత తెల్వకపాయె. నడువు, ఆ డబ్బ ఎప్పుడు ఇప్పుతరో సూసొద్దాం," అన్నాడు తాత. నాన్నను అడిగి, నన్ను ఎత్తి కారు ముందు సీట్లో కూర్చోబెట్టాడు. పోస్టాఫీసు ఎదుట గంటకు పైగా ఆగాం. ఒకాయన వచ్చి తాళం తీసి, ఉత్తరాలన్నీ సంచిలోకి గుమ్మరించుకుని పోయాడు.

"గింతేనా!" అన్నాడు తాత. ఇద్దరం చాలాసేపు నవ్వాం.

మళ్ళీ వెళ్ళడానికి ఇంజను ఒప్పుకోలేదు. రెండేళ్ళకు ఆయనా పోయాడు. నేను కర్రల సాయంతో గడప దాటడం నేర్చుకున్నాను. చదివినదాన్ని వెళ్ళి చూసుకునే అలవాటు ఆయన పెట్టిందే. అందుకు దేవునికి స్తోత్రం చెప్పని రోజు లేదు.

డ్రైవరు సాయిలు హనుమకొండ నుంచి మద్రాసుకు ఒక్క పగటిలో వెళ్ళాడు. నా తర్వాత ఈ మాట చెప్పేవాళ్ళు లేరు. చదివిన మీరు ఆ పేరొక్కటి గుర్తుంచుకోండి.