ఒకే అంకె చూపించిన సీసాలు

లాక్‌డౌన్లు ముగిసిన మరుసటి ఏడాది నన్ను చెన్నైలోని మా కంపెనీ పరిశోధనశాలకు నాణ్యతా విభాగాధిపతిగా వేశారు. ప్రొబేషన్‌లో ఉన్న శాస్త్రవేత్తల పని చూసి, ఉద్యోగం ఖాయం చెయ్యాలో వద్దో రాయడం నా బాధ్యతల్లో ఒకటి. ఎవరి ఫలితాన్నీ ఒక పట్టాన నమ్మని మనిషిని. అందుకే వేశారేమో.

కోమల తొండియార్‌పేట అమ్మాయి. వాళ్లది తరతరాలుగా అక్కడే ఉన్న తెలుగు కుటుంబం. నూనెలో నీటి బిందువులు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా, సబ్బుకు బదులు మెత్తటి సిలికా రేణువులు వాటిని కప్పి ఉంచే ఎమల్షన్ మీద పనిచేసేది. ఎంజైమ్ బిందువుల్లో ఉంటుంది. నూనెలోని ఆమ్లం, ఆల్కహాలు బిందువు అంచున కలిసి ఎస్టర్ అవుతాయి, మాకు కావలసిన సరుకు అదే. తిప్పడం ఆపితే బిందువులు అడుక్కు దిగుతాయి. పైనున్న సరుకు వంచుకుని, అదే ఎంజైమ్‌ని మళ్లీ వాడుకోవచ్చు.

ఆమె నోటుబుక్కులో గంట తర్వాత తీసిన నమూనాకూ, మూడు గంటల తర్వాత తీసినదానికీ, మొదటి వాడకానికీ, ఎనిమిదో వాడకానికీ దాదాపు ఒకే అంకె, ఆమ్లం ఇంచుమించు మిగల్లేదని. ఎంత మంచి ఎంజైమైనా అలసిపోదా? ఇవి కూర్చుని రాసిన అంకెలైనా అయ్యుండాలి, చాటుగా కొత్త ఎంజైమైనా కలుపుతుండాలి. డైరెక్టరుగారితో ఆ మాట అనేశాను కూడా. శుక్రవారంలోగా నివేదిక ఇమ్మన్నారాయన.

నా అనుమానం కోమలకు చెప్పి, ఎంజైమ్ ఉన్న ఫ్రిజ్‌కు తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకున్నాను. ఆమె కళ్లు ఎర్రబడ్డాయి గాని గొంతు తగ్గలేదు.

"నేనేం కలపలా సార్. ఈడనే కూర్చోని చూడండి."

కూర్చున్నాను. గంట తర్వాత నమూనా నేనే తీశాను. ఆమ్లం ఎంత మిగిలిందో తేల్చే టైట్రేషన్ సగం నమూనాతో అప్పటికప్పుడు చేశాను. సగానికి పైగా ఆమ్లం అలాగే ఉంది. దొరికిపోయింది అనుకున్నాను. మిగతా సగం సీసాలో ఉంచి, రివాజు ప్రకారం సాయంత్రం నాలుగింటికి చేస్తే ఆమ్లం దాదాపు లేదు. మళ్లీ ఆ పాత అంకే! సీసా పొద్దుటి నుంచీ నా కళ్లెదుటే ఉంది. ఇక ఎవర్ని అనుమానించను?

నమూనాలన్నీ పోగుచేసి నాలుగింటికి ఒకేసారి పరీక్షించాలన్నది మా నియమం. పూర్వం ఎంజైమ్‌ని పూసలకు అంటించేవాళ్లం. నమూనా తీస్తే పూసలు పాత్రలోనే ఉండిపోయేవి, సీసాలో చర్య జరిగేది కాదు. ఎమల్షన్‌లో అలా కాదు. బిందువులు నమూనాతోపాటే వచ్చేసి, సాయంత్రం దాకా సీసాలో పని చేస్తూనే ఉన్నాయి. ఆ నియమాల కట్టను నేను బాధ్యతలు తీసుకున్న వారంలోనే, చదవకుండా సంతకం పెట్టి కొనసాగించాను.

సిగ్గేసింది. కోమలకు ఉన్నదున్నట్టు చెప్పి క్షమించమన్నాను.

"అట్లయితే నా ఎంజైమ్ అంత గొప్పది కాదా సార్?" అంది. ఆమె బాధ అది.

ఉద్యోగం ఖాయం చెయ్యమనే రాశాను. డైరెక్టరుగారు మాత్రం, మొదట అనుమానం చెప్పింది మీరే కదా అంటూ ప్రొబేషన్ ఆరు నెలలు పొడిగించారు. మూడో నెలలో ఆమె వేరే కంపెనీకి వెళ్లిపోయింది. అనుమానించడం తప్పు కాదు, నాకు జీతమిచ్చిందే అందుకు. పరీక్ష పూర్తికాకముందే పైవాళ్ల చెవిన వేయడం తప్పు. నివేదిక దిద్దగలిగాను గాని, ఆ మాటను వెనక్కి తీసుకోలేకపోయాను.